పదో తరగతి సోషల్ పరీక్షకూ పోలింగ్ బూత్‌కూ మధ్య మాయమైన మూడేళ్లు

నమస్కారం. ఈ వీడియో శీర్షిక చూడగానే "మళ్లీ కుర్రకారును వెనకేసుకొస్తున్నాడు" అనుకున్నవారు ముందుగా ఒక పని చేయండి. మీ ఇంట్లో ఇంటర్మీడియట్ ఎంపీసీ గానీ బైపీసీ గానీ చదువుతున్న పిల్లలుంటే వారి కాలేజీ టైంటేబుల్ తెప్పించుకుని ఒక్కసారి చూడండి. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే ఆ కాగితంలో రాజ్యాంగం, శాసనసభ, పంచాయతీ, బడ్జెట్, పన్ను అనే మాటల్లో ఏ ఒక్కటి కనిపించినా నాకు ఫోటో తీసి పంపండి. ఆ రోజే ఈ ఛానల్‌కు తాళం వేస్తాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. పద్దెనిమిదేళ్లవాడికి ఓటు గురించి తెలియదంటే ఆ నేరం వాడిది కాదు, ఇంటర్మీడియట్‌ది. ఈ మాటను ఈ వీడియో అయ్యేలోపు మీకు విసుగు పుట్టేదాకా చెబుతాను.

గొడవ ఏమిటో మీకు తెలియనిది కాదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ, ఫలితం నచ్చని ప్రతివారూ లేవనెత్తే గొడవే ఇది. రీల్స్ చూసి ఓటేసేవారికి ఓటు ఎందుకని ఒకరు, వయసు మళ్లీ 21కి పెంచాలని ఇంకొకరు, అసలు ఓటుకు ముందు ఒక అవగాహన పరీక్ష పెట్టాలని మరొకరు. గెలిచిన పార్టీవారు మాత్రం అదే కుర్రవాళ్లను "చైతన్యవంతమైన యువత" అని పొగుడుతారు. అయిదేళ్ల తరువాత వీరు ఓడితే ఆ చైతన్యం కాస్తా అజ్ఞానంగా మారిపోతుంది.

మన దేశంలో 18 ఏళ్లకు ఓటు రాజ్యాంగం పుట్టినప్పటి నుంచీ ఉన్నది కాదు. 326వ అధికరణంలో మొదట రాసుకున్న వయసు 21. రాజీవ్ గాంధీ ప్రభుత్వం 1988 డిసెంబరులో 61వ సవరణ బిల్లు తెచ్చింది. డిసెంబరు 15న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించగా, రాష్ట్రాల ఆమోదం కూడా పొంది 1989 మార్చి 28 నుంచి అది అమలులోకి వచ్చింది. నేటి యువత చదువుకున్నదని, రాజకీయంగా స్పృహ ఉన్నదని, వారి భావాలకు చట్టసభలో చోటు కావాలని ఆ బిల్లు ఉద్దేశాలలోనే రాశారు. ఓటిచ్చినవారికే ఓటు పడుతుందన్న లెక్క కూడా ఢిల్లీలో ఎవరికో ఒకరికి ఉండి ఉంటుందని నా అనుమానం. అదే సంవత్సరం జరిగిన ఎన్నికల్లో, అంతకుముందు నాలుగు వందలకు పైగా స్థానాలున్న కాంగ్రెస్ 197కు పడిపోయింది. అయితే ఆంధ్రప్రదేశ్‌లో అదే కాంగ్రెస్ 42 లోక్‌సభ స్థానాల్లో 39 గెలుచుకున్నది. ఎన్టీ రామారావు గారు హిందూపురంలో గెలిచినా కల్వకుర్తిలో ఓడిపోయారు. కుర్రవాళ్లంటే గుంపుగా ఒకే వైపు పరుగెత్తే గొర్రెలమంద అనేవారు, ఒకే ఏడాది, ఒకే వయసువారు చేరిన జాబితాలతో, దేశం ఒక దారి, తెలుగు నేల మరొక దారి ఎలా పట్టాయో చెప్పి అప్పుడు మాట్లాడాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన రెండు రాష్ట్రాల్లో పిల్లలు రాజ్యాంగం అనే మాటను పరీక్ష కోసమైనా చదివేది పదో తరగతి సోషల్‌లో. అప్పటికి వయసు పదిహేను, మహా అయితే పదహారు. ఆ చివరి పరీక్ష రాసి హాలు బయటికి వచ్చిన సాయంత్రమే చాలామంది ఆ పుస్తకాన్ని పాత కాగితాలవాడికి వేసేస్తారు. తరువాత సివిక్స్ ఉండేది సీఈసీ, హెచ్‌ఈసీ లాంటి ఆర్ట్స్, కామర్స్ గ్రూపుల్లో చేరినవారికే. ఆ గ్రూపుల్లో చేరతానన్న పిల్లవాడిని చుట్టాలందరూ కలిసి ఎంత జాలిగా చూస్తారో మీకు నేను చెప్పనక్కరలేదు. మిగిలినవారంతా ఎంపీసీ, బైపీసీ. రెండేళ్ల పాటు లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, జంతుశాస్త్రం, ఆదివారం వస్తే వీకెండ్ టెస్ట్. రెసిడెన్షియల్ కాలేజీ అయితే ఫోన్ నిషేధం. ఫోన్ నిషేధించినందుకు నాకు అభ్యంతరం లేదు, కాని దినపత్రికను కూడా ఫోన్‌తో పాటు గేటు బయట ఆపేసిన మేధావి ఎవరో నాకు తెలియాలి. తండ్రి ఆదివారం చూడడానికి వచ్చినప్పుడు మామిడిపండ్లు చుట్టి తెచ్చిన కాగితంలో రాష్ట్ర మంత్రివర్గ విస్తరణ వార్త చదివిన పిల్లలున్నారు. నేనూ అలా చదివినవాడినే.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఇంటర్ మొదటి సంవత్సరంలో నైతికత, మానవ విలువలు అనే పరీక్ష ఒకటి ఏళ్ల తరబడి పెట్టారు. దానిలో పాస్ కావాలి, కాని దాని మార్కులు మొత్తంలో కలవవు. అంటే నీకు విలువలు ఉండాలి, వాటికి మాత్రం విలువ ఉండదు. ఇంజినీరింగ్‌కు వెళ్తే బాగుపడుతుందనుకున్నారేమో, జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నాటి సిలబస్‌లో భారత రాజ్యాంగం ఒక తప్పనిసరి కోర్సు. దానికి క్రెడిట్లు సున్న. వర్క్‌షాప్‌లో ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీసినందుకు క్రెడిట్లు ఉన్నాయి, రాజ్యాంగం చదివినందుకు లేవు. పిల్లవాడు తెలివైనవాడు కాబట్టి ఈ సూచనను వెంటనే గ్రహిస్తాడు. ఆ పుస్తకం పరీక్షకు ముందు రాత్రి తెరుస్తాడు, లేదంటే అసలు తెరవడు.

అందుకే మళ్లీ చెబుతున్నాను: పదిహేనేళ్లకు పుస్తకం లాగేసుకుని పద్దెనిమిదేళ్లకు "నీకేమీ తెలియదు" అని వెక్కిరించేది మనమే. ఈత నేర్పకుండా బావిలోకి దింపి, మునిగితే వయసు చాలలేదనడం లాంటిది ఇది.

ఓటుకు పరీక్ష పెట్టాలనేవారి సంగతి ఇప్పుడు చూద్దాం, ఎందుకంటే నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట అదే. అమెరికాలో అధ్యక్ష పదవికి రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిత్వం కోరిన వివేక్ రామస్వామి 2023లో, ఓటు వయసును 25కు పెంచాలని, అంతకన్నా చిన్నవారు సైన్యం వంటి సేవలో ఉండడమో, వలస వచ్చినవారు పౌరసత్వం కోసం రాసే పరీక్షలో నెగ్గడమో జరిగితేనే ఓటివ్వాలని ప్రతిపాదించారు. అక్కడ స్థిరపడిన మన తెలుగువారిలో చాలామందికి ఆ పరీక్ష బాగా తెలుసు. నిన్నమొన్నటి దాకా వంద ప్రశ్నలు బట్టీ పట్టి వెళ్తే పది అడిగేవారు, ఆరు చెబితే చాలు. డాలస్‌లో ఉన్న మా బంధువొకాయన ఆ వంద ప్రశ్నలను కారులో ఆడియో పెట్టుకుని సుప్రభాతంలాగా విన్నారు, నెగ్గారు, నెల తిరగకుండా అన్నీ మరచిపోయారు. ఆయనను అవగాహన ఉన్న ఓటరు అనాలట, ఆయన ఇంట్లోనే పుట్టి పెరిగి, అక్కడి బడిలో ప్రభుత్వ వ్యవస్థ మీద పాఠం చదివిన కూతురిని కాదనాలట!

ఆ దేశంలోనే ఓటుకు పరీక్ష పెట్టిన చరిత్ర ఎలాంటిదో గుర్తుచేసుకోండి. దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతివారిని ఓటుకు దూరంగా ఉంచడానికి అక్షరాస్యత పరీక్షలు పెట్టాయి. ఆ పరీక్షలో చదువురాని తెల్లవారు కూడా తప్పుతారు కదా అన్న చిక్కు వచ్చినప్పుడు, ఎవరి తాతలకు ఒకప్పుడు ఓటు ఉండేదో వారికి పరీక్ష అక్కరలేదని కొన్ని రాష్ట్రాలు నియమం పెట్టాయి. తాతకు ఓటుంటే మనవడికి జ్ఞానం ఉన్నట్లే! ఆ తాత నియమాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1915లో కొట్టేసింది, పరీక్షల పీడ మాత్రం 1965 ఓటు హక్కుల చట్టం వచ్చేదాకా వదలలేదు. పరీక్ష పెట్టేవాడు ఎప్పుడూ తాను నెగ్గే ప్రశ్నలనే పెడతాడు.

మన పెద్దలు ఈ ఉచ్చులో పడలేదు. బ్రిటిషువారి కాలంలో ఆస్తి, పన్ను, చదువు చూసి ఓటిచ్చేవారు. 1951 జనగణన నాటికి ఈ దేశంలో అక్షరాస్యత 18 శాతం పైచిలుకు మాత్రమే. అయినా రాజ్యాంగ సభ వయోజనులందరికీ ఓటిచ్చింది. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు, సామాన్యుడి మీద నిండైన నమ్మకంతోనే ఈ సూత్రాన్ని అంగీకరించామని ఆ సభలోనే చెప్పారు. చదవలేనివారి కోసం గుర్తులు పెట్టారు. మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాలు తయారుచేస్తున్నప్పుడు, తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని మాత్రమే చెప్పిన స్త్రీల పేర్లు దాదాపు 28 లక్షలు తొలగించవలసి వచ్చింది. అప్పుడు కూడా "వీరికేం తెలుసు" అన్నవారున్నారు. చదువురానివారిని అన్నారు, ఆడవారిని అన్నారు, ఇప్పుడు చదువుకున్న పద్దెనిమిదేళ్లవారిని అంటున్నారు.

పరిపక్వత సంగతి కూడా తేల్చుకుందాం. మన చట్టాలకు ఈ విషయంలో ఒక మాట మీద నిలబడే అలవాటు లేదు. పద్దెనిమిదేళ్లకు ఆస్తి అమ్ముకోవచ్చు, ఒప్పందం మీద సంతకం పెట్టవచ్చు, బండి నడపవచ్చు, అమ్మాయికి పెళ్లి చేయవచ్చు. 2015 బాల నేరస్తుల న్యాయ చట్టం ప్రకారం పదహారు నిండినవాడు ఘోరమైన నేరం చేస్తే, వాడి మానసిక సామర్థ్యాన్ని అంచనా వేసి పెద్దవాడిగా విచారించవచ్చు. జైలుకు పంపడానికి పదహారేళ్లకే పరిపక్వత వస్తుంది గాని, బూత్‌కు పంపడానికి పద్దెనిమిదేళ్లకు కూడా రాదా?

మెదడు పాతికేళ్లకు గాని పూర్తిగా ఎదగదని వాట్సాప్‌లో పంపించేవారికి ఒక మాట. కౌమార వయసు మెదడు మీద జీవితమంతా పనిచేసిన లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రెండు రకాల ఆలోచనలను వేరు చేసి చూపారు. పక్కన స్నేహితులు కేకలు వేస్తుంటే, ఆవేశంలో ఉన్నప్పుడు చేసే నిర్ణయం ఒకటి. దానిలో కుర్రవాళ్లు తప్పటడుగు వేస్తారు. నింపాదిగా, నాలుగు విషయాలు తెలుసుకుని, తొందర లేకుండా చేసే నిర్ణయం మరొకటి. దానిలో పదహారేళ్లవారు పెద్దవారికి తీసిపోరు. ఓటు ఏ రకం? నోటిఫికేషన్ వచ్చిన నాటి నుంచి పోలింగ్ దాకా వారాల గడువు ఉంటుంది, చివరికి అట్టపెట్టె చాటున ఒంటరిగా నిలబడి మీట నొక్కాలి. పక్కన స్నేహితుడు ఉండడు, ఉంటే పోలింగ్ అధికారి ఊరుకోడు. ఆస్ట్రియా 2007లోనే పదహారేళ్లవారికి ఓటిచ్చింది, ఆ దేశమేమీ మునిగిపోలేదు.

ఆవేశం మాట వచ్చింది కాబట్టి తెలుగువారు మరువకూడని విషయం ఒకటి చెప్పాలి. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో రోడ్డెక్కినవారిలో విద్యార్థులు ముందున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమం మొత్తంలో 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు, వారిలో విద్యార్థులున్నారు. 1969లో తెలంగాణ ఉద్యమాన్ని మొదలుపెట్టింది, మోసింది విద్యార్థులే. అమరులు 369 మంది అన్నది ఉద్యమకారుల లెక్క. 1971 మార్చిలో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి, తెలంగాణ ప్రజాసమితి 14లో 10 స్థానాలు గెలిచింది. 1969లో పద్దెనిమిదేళ్లతో లాఠీ దెబ్బ తిన్న కుర్రవాడికి ఆ ఎన్నికలో ఓటు లేదు, ఎందుకంటే వాడికి ఇరవై ఒకటి నిండలేదు. తుపాకీ వయసు అడగలేదు, ఓటరు జాబితా అడిగింది. శాసనసభ ఎదురుగా గన్‌పార్క్‌లో స్తూపం ముందు నుంచి రోజూ వెళ్లే మంత్రులెవరైనా ఓటు వయసు పెంచాలని అంటే, కారు ఆపి ఆ స్తూపం దగ్గర నిలబడి ఆ మాట అనమని నా మనవి.

సరే, పెద్దలకు అవగాహన ఉన్నదా? 2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉప ఎన్నికలో డబ్బు కవర్లు తమకు అందలేదని రోడ్డు మీదికి వచ్చి అడిగినవారి దృశ్యాలు మీరందరూ చూశారు. ఆ గుంపులో నెరసిన తలలు కుర్రతలల కన్నా తక్కువేమీ కనిపించలేదు. నేను వారిని తిట్టడం లేదు. పక్కింటికి కవరు వెళ్లి తనకు రాకపోతే ఎవరికైనా మండుతుంది. కాని కవరు అడిగినవారి ఓటు గురించి ఎవరూ వయసు ప్రసక్తి తేలేదు.

మా ఇంటి సంగతే చెబుతాను. సంక్రాంతికి తెనాలి దగ్గరి మా ఊరు వెళ్లాను. మా పెదనాన్న భోజనాల దగ్గర ఈ పాటే అందుకున్నారు: "వీళ్లకు ఓటేమిట్రా, ఫోన్ లాక్కుంటే ఏడ్చే వెధవలకు." ఎదురుగా మా మేనల్లుడు కూర్చున్నాడు, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, అరిసె తింటున్నాడు. తలెత్తి, "తాతయ్యా, మన పంచాయతీకి కిందటేడు ఎంత డబ్బు వచ్చిందో చెప్పండి" అన్నాడు. పెదనాన్నకు తెలియదు. నాకూ తెలియదు. నిజం చెప్పాలంటే వాడికీ తెలియదు. అంతేకాదు, ఊళ్లో మురుగు కాలువ బాగుచేయించవలసింది ఎంపీ గారని వాడు అప్పటిదాకా అనుకుంటున్నాడు. ఎంపీసీ చదివి ర్యాంకు తెచ్చుకున్నవాడు! నేను చెబుతున్న మాయమైన మూడేళ్లు అంటే అవే. అయితే వాడు చేయి కడుక్కుని వచ్చి ఫోన్ తీసి ఈ-గ్రామ్ స్వరాజ్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటూ పోయాడు. ఏ పనికి ఎంత ఖర్చు రాశారో వరుసగా కనిపించింది. అరవై ఎనిమిదేళ్ల పెదనాన్న, అరగంట క్రితం తాను వెధవలన్న కుర్రవాడి భుజం మీదుగా వంగి, కళ్లజోడు సర్దుకుని, "మన వీధి సిమెంటు రోడ్డు దానిలో ఉందేమో చూడరా" అని అడిగారు.

మూడేళ్లు పోగొట్టుకున్నవాడు పది నిమిషాల్లో అంత తెలుసుకున్నాడు. ఆ మూడేళ్లలో వారానికి ఒక్క గంట, ఫిజిక్స్ మాస్టారుకు బాధ కలగకుండా ఒకే ఒక్క గంట, పంచాయతీ అంటే ఏమిటో, బడ్జెట్ కాగితం ఎలా చదవాలో చెప్పి ఉంటే వాడు ఎక్కడ ఉండేవాడో ఆలోచించండి. మార్కులు కలిపి చెప్పాలి, కలపకపోతే చదవరు. ఈఏపీసెట్, జేఈఈ అంటూ అన్ని పరీక్షలు రాయిస్తున్నారు కదా, పది ప్రశ్నలు దీని మీద కూడా ఇవ్వండి. కార్పొరేట్ కాలేజీలు రేపటికల్లా రాజ్యాంగం మీద సూపర్ ఫాస్ట్ బ్యాచ్ తెరవకపోతే నన్ను అడగండి.

ఆసక్తి లేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు దేశంలో 18, 19 ఏళ్లవారిలో జాబితాకెక్కినవారు నలభై శాతం కూడా లేరు. బీహార్‌లో అయిదోవంతుకన్నా తక్కువ. అదే తెలంగాణలో మూడింట రెండు వంతులు నమోదయ్యారు. పేరెక్కించుకోవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. ఫారం 6 నింపాలి, మామూలుగా నివసించే చోటే ఓటు అడగాలి. ఊరు పల్నాడులో, కాలేజీ ఘట్‌కేసర్‌లో, హాస్టల్ రెండేళ్లకోసారి మారుతుంది. హాస్టల్ చిరునామాతోనే చేరవచ్చని, పదిహేడు నిండగానే ముందస్తుగా దరఖాస్తు పెట్టుకోవచ్చని, 2022 ఆగస్టు నుంచి జనవరి 1 ఒక్కటే కాక ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు కూడా పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో చూసే అర్హత తేదీలని ఆ కాలేజీలో వారికి చెప్పినవారు ఎవరు? హాస్టల్ ఫీజు గడువు తేదీ మాత్రం నెల ముందు నుంచీ రోజూ మెసేజ్ వస్తుంది.

2024 మే 13 గుర్తుంది కదా. అంతకుముందు రెండు రోజులు విజయవాడ జాతీయ రహదారి మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు ఎలా బారులు తీరాయో మీరు చూశారు, కొందరు ఆ వరుసలోనే ఉన్నారు. బస్సుల్లో సీటు దొరకనివారు నిలబడి వెళ్లారు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటాక కూడా ఓట్లు పడ్డాయి, మొత్తం పోలింగ్ 81 శాతం దాటింది. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48 శాతం. నా పక్క అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఏళ్ల అనుభవం, పరిపక్వత, రెండు దినపత్రికలు ఉన్న పెద్దమనుషులు బూత్ నడక దూరంలో ఉన్నా ఏసీ వేసుకుని పడుకున్నారు. మా మేనల్లుడు ఎంజీబీఎస్ నుంచి తెనాలి దాకా బస్సు మెట్ల మీద కూర్చుని వెళ్లాడు. వాడు ఎవరికి వేశాడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. వాళ్ల అమ్మ మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

తిట్టదలచుకున్నవారు కింద కామెంట్లలో నిరభ్యంతరంగా తిట్టండి, కాని ఒక షరతు. తిట్టడానికి ముందు మీ ఎమ్మెల్యే పేరు, మీ వార్డు సభ్యుడి పేరు, మీరు సోషల్ పుస్తకం చివరిసారి తెరిచిన సంవత్సరం, ఈ మూడూ గూగుల్ చూడకుండా రాయండి. ఇంటర్ చదువుతున్న పిల్లలు చూస్తుంటే మీ టైంటేబుల్ ఫోటో పెట్టండి. కాలేజీ పేరు మాత్రం చెరిపేసి పెట్టండి, హాల్ టికెట్ ఆపేస్తారు.